మందులంగడి వెనక ముక్కుపురుగులు

మా నాయన నాతో మాట్లాడడం మానేయడానికి కారణం సుంకన్న మామ పెరట్లోని వంకాయ చెట్లు.

అప్పటికి నేను అగ్రికల్చర్ బీఎస్సీ ముగించి ఊరికి వచ్చి వారం కూడా కాలేదు. కణేకల్‌కు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో మా నాయన ఈశ్వరప్పకు పురుగుమందుల అంగడి ఉంది. ఇప్పుడు మందులమ్మాలంటే లైసెన్సు మీద ఆ చదువు చదివినవాళ్ల పేరుండాలి. నాయన చదివింది పదో తరగతి. అందుకని నన్ను చదివించాడు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు. కాలేజీలో చేర్పించిన రోజు హాస్టల్ వార్డెన్‌తో కూడా, "లైసెన్సు కోసరం చదివిస్తాండా మేడమ్, బాగా చూసుకోండి" అనే చెప్పాడు.

నేను అంగడిలో కూర్చున్న మూడో రోజు సుంకన్న మామ వచ్చాడు. మా ఊరి చెరువు కింద అందరికంటే చివర రెండెకరాలున్న మనిషి. గొంతు పెద్దది. రహస్యం చెప్పినా వీధి చివరి దాకా వినబడుతుంది. ప్లాస్టిక్ కవర్లో నాలుగు వంగాకులు తెచ్చి బల్ల మీద పరిచాడు. నాయన ఆకు వైపు చూడకుండానే పైవరసలో నుంచి సీసా తీసి పక్కన పెట్టాడు. నేను ఆకు తిరగేసి చూశాను.

"దీనికి మందేమీ వద్దు మామా. నీళ్లు చాలక ఆకు మాడిండాది, అంతే."

మామ సీసాను చూశాడు, నన్ను చూశాడు, నాయనను చూశాడు. "అయితే నీళ్లే పోస్తా" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆయన తనలో తాను అనుకున్నా ఊరంతా వినేది. బయటికి వెళ్లి గట్టిగానే చెప్పాడు. మధ్యాహ్నానికల్లా అంగడి ముందు ఆకులు పట్టుకుని జనం నిలబడ్డారు, నాయన కోసం కాదు, నా కోసం. వాళ్లలో ఏడుగురిని నేను ఉత్త చేతులతో పంపించాను. సాయంత్రం నాయన షట్టర్ దించి ఇంటికొచ్చి, నా పక్కనే కూర్చుని, వంటింట్లో ఉన్న అమ్మతో అన్నాడు:

"ఏమ్మే, ఆ మేడమ్‌కు చెప్పు. సంతకం పెట్టనీకి రమ్మను. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మను."

"నోరు లేకుండా సంతకం పెట్టనని చెప్పుమా," అన్నాను నేను.

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇద్దరికీ చెవులుండాయి గదా. మళ్లా నేను చెప్పేదేముండాది?" అంది. కానీ ఆ రోజు నుంచి ఆరు నెలలు ఆమెకు అదే పని అయింది. నాయన ఏం చెప్పాలన్నా అమ్మకు చెప్పేవాడు. అమ్మ ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేవాడు.

మా ఊరి చెరువు సంగతి చెప్పాలి. తుంగభద్ర కాలువ నీళ్లు ఏటా ఆగస్టులో వచ్చి దాంట్లో పడతాయి. పడ్డాక ముందుకు పోవు. చెరువు నిండా ఈ చివర నుంచి ఆ చివరకు గుర్రపుడెక్క. మోకాటి ఎత్తున, నిగనిగలాడుతూ, ఊదారంగు పూలతో. అనంతపురం జిల్లాలో అంత పచ్చదనం చూసి బస్సులో పోయే పరాయివాళ్లు మమ్మల్ని అదృష్టవంతులనుకునేవాళ్లు. ఒక పెళ్లివాళ్లయితే దిగి ఫొటోలు కూడా తీసుకున్నారు. ఆ పచ్చదనం కిందే తూము మూసుకుపోయి ఉండేది. ముందరి పొలాలకే నీళ్లు చాలీచాలకుండా అందేవి. చివర ఉన్న సుంకన్న మామలాంటి వాళ్లకు కాలువలో తడి మట్టి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆయన మూడేళ్లుగా మిరప నారు పోసి, నీళ్లు రాక పశువులకు వదిలేస్తున్నాడు. ఈసారీ రాకపోతే పొలం వదిలి బళ్లారికి కూలికి పోతానని అందరికీ చెప్పాడు. వేరే ఎవరైనా చెబితే బెదిరింపు అనుకునేవాళ్లం. ఆయన ఇంట్లో సామాను మూటలు కట్టి ఉండడం నేను చూశాను.

నీటి సంఘం అధ్యక్షుడు ఆంజనేయులన్న ఏటా జేసీబీ పెట్టి తీయించేవాడు. నలభై రోజుల్లో మళ్లీ కమ్ముకునేది. గడ్డిమందు కొడదామని నాయన అనేవాడు. ఊరి బర్రెలన్నీ ఆ నీళ్లే తాగుతాయి కాబట్టి ఆంజనేయులన్న ఒప్పుకునేవాడు కాదు.

నాకు కాలేజీలో సీనియర్ జాయ్ అక్క. బెంగళూరులో పురుగుల మీద పరిశోధన చేసే చోట పనిచేస్తోంది. శివరాత్రికి ముందు ఒక రోజు ఫోన్లో ఈ చెరువు సంగతి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. అక్క అంతా విని, "వచ్చి పురుగులు తీసుకుపో" అంది. వాటి పేరు ముక్కుపురుగులు. బియ్యపు గింజ కంటే చిన్నవి, బూడిదరంగువి, ముందర ఏనుగు తొండంలా పొడుగాటి ముక్కు. అవి గుర్రపుడెక్క ఆకు గీకి తింటాయి. వాటి పిల్లలు కాడలో దూరి లోపల నుంచి తొలుస్తాయి. ఆకలితో చస్తాయి గానీ వేరే పైరు ముట్టవని అక్క చెప్పింది.

తిరుగు బస్సులో ఆరు డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ సంచి వైపు చూశాడు.

"ఏముండాది దాంట్లో?"

"పురుగులన్నా."

"బియ్యంలోనా?"

"బియ్యం లేదు. ఉత్త పురుగులే."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉత్త పురుగులకు టికెట్ లేదు" అని ముందుకు వెళ్లిపోయాడు.

వాటిని పెంచడానికి ఇంటి వెనక, పాత పశువుల కొట్టం దగ్గర, మూడు సిమెంటు తొట్లు ఉన్నాయి. తొట్లకు ఇరవై అడుగుల దూరంలో నాయన మందుల గోదాము. అమ్మను అడిగితే, "ఇంటెనక ఏం పెంచాల్నో నా ఇష్టం. ఆయన అడిగితే నేను చెప్తాలే" అంది.

నాయన అడగలేదు. నేరుగా వచ్చి ఒక డబ్బా మూత తీసి అరచేతిలో వంపుకున్నాడు. పురుగులు కాళ్లు ముడుచుకుని గింజల్లా దొర్లాయి. ఒక్కటీ కదల్లేదు. నాయన ముఖం వెలిగిపోయింది.

"ఏమ్మే, చెప్పు ఆ మేడమ్‌కు. బస్సులోనే సచ్చిపాయినాయంట."

ఒక నిమిషం గడిచింది. అరచేతిలో ఒక పురుగు ముక్కు పైకెత్తింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి అన్నీ లేచి వరసగా ఆయన మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి నడవసాగాయి. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన చేతి మీద ఒక పురుగు బతికి నడవడం అదే మొదటిసారి. నాయన చెయ్యి చాచినట్టే పెట్టుకుని, చాలా సీరియస్‌గా, "ఇవి నటిస్తాండాయి" అన్నాడు.

సగం పురుగులను తొట్లలో పెట్టి, మిగతా సగం చెరువులో వదలడానికి తీసుకుపోయాం. ఆంజనేయులన్న టెంకాయ కొట్టాడు. ఊళ్లో సగం మంది గట్టు మీద నిలబడ్డారు. నేను నడుము లోతు నీళ్లలో దిగి డబ్బాలు ఆకుల మీద వంపాను. పురుగులు ఆకు మడతల్లోకి దూరిపోయాయి. అంతే. జనం ఇంకా చూస్తూనే ఉన్నారు.

"ఎంతసేపట్లో అయిపోతాది పాపా?" ఆంజనేయులన్న అడిగాడు.

"బాగా తగ్గాలంటే ఏడాది పట్టొచ్చన్నా. రెండేండ్లైనా పట్టొచ్చు."

గట్టు మీద వెనక వరసవాళ్లు ఇంటిదారి పట్టారు. చివరికి సుంకన్న మామ, "ఇప్పుడు తింటాండాయా మరి?" అని అడిగాడు.

"ఇప్పుడు తినవు మామా. పగలు ఆకుల్లో దాక్కుని, రాత్రిపూట తింటాయి."

"మా అల్లుడు గూడా అంతే," అన్నాడు మామ. "వాన్ని గూడా తెచ్చి దీంట్లో ఏసేదా?"

ఆ వేసవి అంతా నేను వీధిలో నడిస్తే చాలు, "ఏం పాపా, తినినాయా?" అని అడిగేవాళ్లు. పాలు పోసే ఆవిడ అడిగేది. దేవేంద్ర హోటల్లో టీ తాగేవాళ్లు అడిగేవాళ్లు. వాళ్లెవరికీ జవాబు అక్కర్లేదు. అడగడమే వాళ్లకు పండగ.

ఇంట్లో మాత్రం సంగతులు వేరేగా నడుస్తున్నాయి. ఏప్రిల్‌లో ఒక పొద్దున చివరి తొట్టిలో పురుగులన్నీ నీళ్ల మీద తేలి కనిపించాయి. కాళ్లు ముడుచుకుని ఉన్నాయి. నేను పది నిమిషాలు చూశాను, అరగంట చూశాను. ఈసారి నటన కాదు.

అమ్మ నాయన చేతుల వైపు చూసింది. సాయంత్రం గోదాములో పొడిమందు కొలిచి వచ్చాక దారిలో ఉన్న తొట్టిలో చేతులు ముంచి కడుక్కోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. నాయన తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో పురుగునూ తీసి గట్టు మీద పెట్టాడు. పెట్టిన ప్రతిదాన్నీ వేలితో కదిపి చూశాడు. లేచి అమ్మతో మెల్లగా అన్నాడు: "చెప్పు. నేనే అని."

మరుసటి రోజు నుంచి ఆయన వీధి కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గానీ పెరట్లోకి వచ్చేవాడు కాదు. అంగడిలో ఆకులు చూపించడానికి పెట్టుకున్న భూతద్దం ఇంటికి చేరింది. మే నెలలో ఒక రోజు తొట్టి మీద వంగి ఉన్నవాడు ఒక్కసారిగా తల ఎత్తి, "ఏమ్మే, ఆకుమీద కొత్త గాట్లు పడినాయి. కాడలో బొక్కగూడా ఉండాది. చెప్పు" అన్నాడు.

"ఎవరికి చెప్పల్ల?" అంది అమ్మ పక్కనే నిలబడి ఉన్న నన్ను చూస్తూ.

"ఎవరికో ఒకరికి చెప్పు."

తొట్లలో పెరిగినవాటిని కూడా, నాలుగైదు తప్ప, చెరువులో వదిలాం. ఎండలకు నీళ్లు తగ్గి గుర్రపుడెక్క చెరువు నడిమికి గుంపుగా చేరింది. అదీ ఒక మేలే అయింది, పురుగులూ అక్కడే చేరాయి. ఆకుల అంచులు గోధుమరంగుకు తిరగడం గట్టు మీద నుంచి నాకు కనిపించేది. ఎండకు మాడిందని ఊరివాళ్లు అనేవాళ్లు.

జూలైలో మిరప నార్లు పోశారు. పదిహేను రోజులకు చిగుళ్లు ముడుచుకోవడం మొదలైంది. మొదట సుంకన్న మామ నారులో, తర్వాత పక్కవాళ్ల నారులో. ఒక పొద్దున మామ అగ్గిపెట్టె పట్టుకుని అంగడికి వచ్చాడు. వెనక పాతికమంది. ఆంజనేయులన్న కూడా ఉన్నాడు, తలవంచుకుని. నేను అమ్మ ఇచ్చిన టిఫిను నాయనకు ఇవ్వడానికి అప్పుడే వెళ్లి గడప దగ్గర ఉన్నాను.

మామ అగ్గిపెట్టె తెరిచాడు. దాంట్లో ఒక ముక్కుపురుగు, చచ్చినట్టు నటిస్తూ.

"నా నారుమడిలో దొరికె. చెరువు అయిపోకముందే మిరపమీద పడినాయి ఈశ్వరప్పా. మూడేండ్ల తర్వాత ఈసారన్నా నాలుగు కాయలు కోస్తామనుకుంటి. చెరువుకు కొట్టే మందు తియ్యి. ఎంతైతే అంత. అందరం వేసుకుంటాం."

అంత పెద్ద బేరం నాయనకు ఆ ఏడాదంతా రాలేదు. అంగడి నిండా సరుకు ఉంది. ఆయన వెనక గోడకు నేల నుంచి కప్పు దాకా సీసాలే.

"మందు లేదు," అన్నాడు నాయన.

మామ ఆయన భుజం మీదుగా చూశాడు. "ఎనకల అవేంటివి?"

"అవి అమ్మేవి గాదు."

"మరి ఎందుకు పెట్టినావు?"

"చూడనీకి."

పాతికమందీ చూశారు. నాయన బల్ల మీది అగ్గిపెట్టెను తన వైపు జరుపుకుని, భూతద్దం పెట్టి పురుగును చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"లహరీ, ఇట్ల రా. నారు ముడుచుకునేది దేనికో నువ్వు చెప్పు ఈళ్లకు."

నేను వెళ్లాను. టిఫిను గడప మీదే మరిచిపోయాను. మామ తెచ్చిన మిరపనారు పీకి తెల్ల కాగితం మీద దులిపాను. ఇసుక రేణువుల్లాంటి నల్లటి చుక్కలు పడి, కదలసాగాయి. నల్ల తామరపురుగులు. నారు చిగుళ్ల రసం పీల్చేవి అవి. ముక్కుపురుగు దారి తప్పి ఎగిరొచ్చి ఉంటుందని చెప్పాను. భూతద్దం చేతులు మారింది. కొందరు ఒప్పుకున్నారు. మామ ఒప్పుకోలేదు.

"ఇదీ తింటాదేమో, అదీ తింటాదేమో. నాకెట్ల తెలియాల?"

"చూద్దాం పట్టు," అన్నాడు నాయన.

దేవేంద్ర హోటల్ నుంచి బిస్కెట్ల గాజుసీసా తెప్పించాడు. తడిమట్టి పోసి మిరపనారు మూడు మొక్కలు నాటాడు. వీధి కొళాయికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, పెరట్లో మిగిలిన ఐదు పురుగులను దాంట్లో వదిలి, మూతికి గుడ్డ కట్టి బల్ల మీద పెట్టాడు. గుర్రపుడెక్క ఆకు ఒక్కటి కూడా పెట్టలేదు. మిరప తింటే చెరువంతా మందు కొడతానని ఊరి ముందర మాటిచ్చాడు. జాయ్ అక్క మాట మీద నాకు నమ్మకం ఉంది, కానీ పురుగు పుస్తకం చదవదు కదా.

మొదటి రోజు ఓట్ల లెక్కింపుకు వచ్చినట్టు జనం వచ్చారు. దేవేంద్ర టీ ఫ్లాస్కు తెచ్చి అంగడి మెట్ల మీదే అమ్మాడు. పురుగులు మొక్కలెక్కి, దిగి, గాజు మీద తిరిగాయి. మిరప ముట్టలేదు. రెండో రోజు సుంకన్న మామ, నారు తాజాగా లేదేమోనని తన మడిలో నుంచి కొత్త మొక్కలు తెచ్చి మార్చాడు. అయినా ముట్టలేదు. మూడో రోజుకు పురుగులు ఒక మూల చేరి మెల్లగా కదులుతున్నాయి. నాలుగో రోజు పొద్దున వాటిలో ఒకటి వెల్లకిలా పడి ఉంది.

"అది నటిస్తాండాదా?" మామ అడిగాడు.

"లేదు మామా," అన్నాను.

పాలు పోసే ఆవిడ, "పాపం, నోరులేనివి. వాటి ఆకు వాటికి ఏయండప్పా" అంది. మామ కాసేపు సీసా చుట్టూ తిరిగాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు. గంట తర్వాత పంచె తొడల దాకా తడిసి తిరిగొచ్చాడు. చేతిలో కాడతో సహా పెద్ద గుర్రపుడెక్క ఆకు, కడిగి తెచ్చాడు. తనే గుడ్డ విప్పి సీసాలో పెట్టాడు.

"వీటి ఉసురు నాకొద్దు సామీ," అన్నాడు.

మరుసటి పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఆయన మెట్ల మీద ఉన్నాడు. ఆకు నిండా చిన్న చిన్న గాట్లు, సూదితో గీకినట్టు. మిరప మొక్కలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. మామ సీసాను ఎత్తి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. పెళ్లి భోజనాల్లో చివరి పంక్తి లేచాక ఇంటిపెద్ద ముఖం అలా ఉంటుంది.

"కడుపు నిండా తినినాయి," అన్నాడు.

నారుకు వేపనూనె, తామరపురుగులు వచ్చి అంటుకునే నీలం జిగురు అట్టలు చాలని నేను చెప్పాను. నాయన వాటిని తీసి బల్ల మీద పెట్టి, పైవరస వైపు చెయ్యి చాచబోయి, ఆగి, "ఇంకేమన్నా కావాల్నా?" అని నన్నే అడిగాడు. వద్దన్నాను. చెయ్యి దించాడు.

ఆగస్టు రెండో వారంలో కాలువ నీళ్లు వచ్చాయి. ఒక్క సీజన్‌లో చెరువు ఖాళీ అయిందని చెబితే అబద్ధం. సగం చెరువు ఇంకా పచ్చగానే ఉంది. కానీ మోకాటి ఎత్తున ఉండేది జానెడుకు కుంగిపోయింది. కాడలు లోపల కుళ్లి, పట్టుకుంటే నానిన కాగితంలా చేతికి వచ్చేవి. నీళ్ల తోపుకు, చాపలా అల్లుకున్న ఆ గుర్రపుడెక్క ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ఊళ్లో మగవాళ్లంతా దిగి, జేసీబీ అక్కర్లేకుండా, కొంకికర్రలతో తూము ముందు లాగేశారు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు తూము ఎత్తితే నీళ్లు ఎర్రగా, నురగతో పిల్లకాలువలోకి దూకాయి.

సుంకన్న మామ ఆ నీళ్లకు ముందు నడిచాడు. రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వెనక్కి వెనక్కి తిరిగి చూసుకుంటూ, ఎక్కడ గడ్డి అడ్డం ఉంటే అక్కడ కాలితో తొలగిస్తూ. ఆయన పొలం గట్టు దగ్గరికి చేరాక పక్కకు జరిగి నిలబడి దారిచ్చాడు. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతున్న మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికి పోయి మూటలు విప్పాడని ఆయన భార్య అమ్మతో చెప్పింది.

అప్పటికి అంగడి లైసెన్సు గడువు దగ్గరపడింది. సంతకం పెడతానని నేనే అన్నాను, నోటితో సహా. నాయన తల అడ్డంగా ఊపాడు.

"జాయ్ పాప ఫోన్ చేసింది. ఆడ నీకు పని ఉండాదంట. పో. మందులోళ్లకు ఏడాది డిప్లొమా పెట్టినారంట అనంతపురంలో, వారానికొక దినం క్లాసు. దాంట్లో చేరినోళ్లకు లైసెన్సు గడువు పెంచుతారంట. నేనే చదువుతా."

చదివాడు. యాభై ఆరేళ్ల వయసులో ప్రతి ఆదివారం సంచిలో నోటుబుక్కు పెట్టుకుని మొదటి బస్సుకు పోయేవాడు. తొట్లు అమ్మ చూసుకునేది. పాఠాల్లో అర్థంకాని మాటల కోసం నాయన, జాయ్ అక్క దగ్గర పనిలో చేరిన నాకు బెంగళూరుకు ఫోన్ చేసేవాడు. ఆరు నెలలు దాచుకున్న మాటలన్నీ కలిపి మాట్లాడుతున్నట్టు ఉండేది.

పరీక్ష రోజు నేను అనంతపురం వెళ్లి గేటు బయట నిలబడ్డాను. అందరూ వచ్చేశాక చివర నాయన వచ్చాడు. వేళ్ల నిండా సిరా.

"ఎట్ల రాసినావు నాయనా?"

"పది ప్రశ్నలిచ్చిరి. ఒకటి రాసినా."

"ఒకటేనా? మిగతా తొమ్మిదీ రాలేదా?"

"వచ్చు. అన్నీ వచ్చు. మొదటిదే మేలుచేసే పురుగు గురించి రాయమనిరి," అన్నాడు నాయన సంచి భుజానికి తగిలించుకుంటూ. "తొమ్మిది పేజీలాయె. ఇంకా సుంకన్న చెరువులో దిగి ఆకు తెచ్చేకాడికే వచ్చింటి, గంట కొట్టిరి."